ప్రభుత్వ బడుల్లో ఉమ్మడి పరీక్షలు: తీసేయాలా, మార్చాలా?

పలకాబలపం (చర్చ మొదలుపెట్టినవారు)

మూడో తరగతికి చెప్తాను. ఏడాది చివర అన్ని ప్రభుత్వ బడులకూ ఒకటే ప్రశ్నపత్రం వస్తుంది. పిల్లలు గళ్లు నింపుతారు, మేం కట్టలు కట్టి సీలు వేసి పంపేస్తాం. ఫలితాలు వచ్చేసరికి ఆ పిల్లలు నాలుగో తరగతిలో ఇంకో టీచరు దగ్గర ఉంటారు. నా చేతికి వచ్చేది తరగతి సగటు మాత్రమే. ఫలానా పిల్లకి తీసివేత రావడం లేదా, లేక ప్రశ్న చదవడమే రావడం లేదా అన్నది ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. బడి మంచిదా చెడ్డదా అని తేల్చేది మాత్రం ఆ అంకే.

పరీక్ష దగ్గరపడేకొద్దీ ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. పరీక్షలో లేని సబ్జెక్టులు టైంటేబుల్లో ఉంటాయి, తరగతిలో ఉండవు. బొమ్మలు, పాటలు, ఆటలు, సైన్సు ప్రయోగాలు అన్నీ పక్కకి పోతాయి. కథ మొత్తం చదివించడం మానేసి ఒక పేరా, దాని కింద నాలుగు ప్రశ్నలు, ప్రశ్నకి నాలుగు జవాబులు. చదువంటే ఇదే అయిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల "టీచర్, ఇది పరీక్షలో వస్తుందా?" అని అడిగితే ప్రాణం ఉసూరుమంటుంది.

పరీక్షలే వద్దని నేననను. ఇలాంటివి వద్దంటున్నాను. మార్చాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? బడిలో పనిచేసేవాళ్లు, తల్లిదండ్రులు, పరీక్షల తయారీ తెలిసినవాళ్లు, అందరూ రాయండి.

లెక్కలపంతులు

మేడమ్, తీసివేత అన్నారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. 402 లోంచి 178 తీసేయమన్నాం. జవాబు 224. ఒక పిల్లాడు 376 రాశాడు. వాడు ఏ స్థానంలో చూసినా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు: 8 లోంచి 2, 7 లోంచి 0, 4 లోంచి 1. ఇంకో పిల్ల 234 రాసింది. ఆ పిల్లకి అప్పు తెచ్చుకోవడం వచ్చు. మధ్యలో సున్నా ఉంది కాబట్టి వందల నుంచి పదులకు తెచ్చింది, ఒకట్లకూ ఇచ్చింది, కానీ పదుల్లో పది అలాగే ఉంచేసింది, తొమ్మిది చెయ్యలేదు.

ఇద్దరికీ సున్నా మార్కులే. కానీ మొదటివాడికి స్థానవిలువ మళ్లీ మొదటినుంచి, పుల్లల కట్టలు విప్పి చూపిస్తూ చెప్పాలి. రెండో పిల్లకి పది నిమిషాలు పక్కన కూర్చుంటే సరిపోతుంది. నాలుగు జవాబుల్లో 376, 234 రెండూ ఉండేలా ప్రశ్న తయారుచేసి, ఏ పిల్ల ఏది ఎంచుకుందో వారంలోపు టీచరుకి చెప్తే ఆ పరీక్షకి నేను దండం పెడతాను. తప్పు జవాబుల్ని కూడా అంత ఆలోచించి పెట్టాలి. అలా పెట్టిన పేపర్లు నేను చూసినవాటిలో చాలా తక్కువ. 225, 223 లాంటివి పెడతారు. అవి ఎంచుకున్న పిల్ల గురించి మనకేమీ తెలియదు.

నిలువుగీత

ఇద్దరి బాధా నిజమే. కానీ ఉమ్మడి పరీక్ష లేనప్పుడు ఏముండేదో కూడా మర్చిపోకూడదు. 1845లో అమెరికాలోని బోస్టన్ బడుల్లో, హొరేస్ మన్ అనే విద్యా సంస్కర్త పట్టుబట్టడంతో, మౌఖిక పరీక్షల బదులు అందరికీ ఒకే ప్రశ్నలతో రాతపరీక్ష పెట్టారు. అప్పటిదాకా బడులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయనే అందరి నమ్మకం. పిల్లలకి బట్టీ పట్టింది తప్ప అర్థమైంది తక్కువని ఆ జవాబులు చూశాకే బయటపడింది.

అమెరికాలో 2002 జనవరిలో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టాన్ని అందరూ తిడతారు. 3 నుంచి 8 తరగతుల వరకు ఏటా పరీక్ష పెట్టాలంది, 2014 కల్లా పిల్లలందరూ నూటికి నూరు శాతం స్థాయి అందుకోవాలంది. ఆ లక్ష్యం నెరవేరేది కాదు, నెరవేరలేదు. కానీ అదే చట్టం ఇంకో మాట కూడా అంది. బడి సగటు ఒక్కటే చెప్తే చాలదు, పేద పిల్లల ఫలితం, నల్లజాతి పిల్లల ఫలితం, వైకల్యం ఉన్న పిల్లల ఫలితం, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లల ఫలితం విడివిడిగా చూపించాలంది. మంచి సగటు చాటున కొందరు పిల్లల్ని గాలికొదిలేసిన బడులు అప్పుడు కంటబడ్డాయి.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. 2001లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రభుత్వం సెకండరీ బడుల ఫలితాల పట్టికలు ప్రచురించడం మానేసింది. ఇంగ్లండ్ మానలేదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ తర్వాతి ఏళ్లు పోల్చి చూస్తే వేల్స్ బడులు వెనకబడ్డాయని తేలింది. పైనున్న నాలుగో వంతు బడుల మీద ప్రభావం లేదు. దెబ్బంతా కిందవాటి మీదే పడింది. పరీక్షల భారం గురించి మాట్లాడేటప్పుడు, ఆ భారం దించితే ఎవరి పిల్లలు నష్టపోతారో కూడా మాట్లాడాలి.

గణాంకి

పరీక్షల తయారీ, మార్కుల విశ్లేషణ నా వృత్తి. పై మూడు పోస్టుల్లో మూడు వేరువేరు పరీక్షల గురించి మాట్లాడుతున్నారు. లెక్కలపంతులు గారికి కావలసింది పిల్లకి ఎక్కడ అడ్డుపడిందో చెప్పే పరీక్ష. నిలువుగీత గారికి కావలసింది వ్యవస్థ మొత్తంలో ఎవరు వెనకబడ్డారో చూపించే పరీక్ష. పలకాబలపం గారి బడికి వచ్చింది బడినీ టీచర్నీ తూచే పరీక్ష. ఇవి కాక పైతరగతికి పంపాలా వద్దా అని తేల్చే పరీక్ష ఇంకొకటి. ఈ నాలుగు పనులూ ఒక్క పేపరు నెత్తిన పెట్టడమే అసలు జబ్బు. నా మాట ఒక్క ముక్కలో అదే.

పిల్లల సంగతి తీసుకోండి. ప్రామాణిక విచలనం (మార్కులు సగటుకి అటూ ఇటూ ఎంత చెదిరాయన్నది) 15 మార్కులు, విశ్వసనీయత (మళ్లీ రాయిస్తే మార్కులు ఎంతవరకు నిలుస్తాయన్నది, పూర్తిగా నిలిస్తే 1) 0.90 ఉంటే మా దృష్టిలో అది మంచి పరీక్ష. అంత మంచి పరీక్షలో కూడా ఒక పిల్ల మార్కులో ప్రామాణిక దోషం దాదాపు 4.7 ఉంటుంది. అంటే 50 వచ్చిన పిల్ల అసలు స్థాయి 45కీ 55కీ మధ్యలో ఉందని చెప్పగలం, అదీ మూడింట రెండు వంతుల నమ్మకంతోనే. ఇప్పుడు 50 వస్తే పాస్, 49 వస్తే ఫెయిల్ అన్న గీత గీసి చూడండి. ఆ గీతకి అటూ ఇటూ ఉన్న పిల్లల మధ్య తేడా ఉందని ఏ లెక్కా ఒప్పుకోదు.

వ్యవస్థ సంగతికొస్తే, దానికి అందరు పిల్లల్నీ కూర్చోబెట్టనక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం కదా. అమెరికాలో 1969 నుంచి నడుస్తున్న 'నేషనల్ అసెస్‌మెంట్ ఆఫ్ ఎడ్యుకేషనల్ ప్రోగ్రెస్' చేసేది అదే. ఎంపిక చేసిన బడుల్లో కొంతమంది పిల్లలే రాస్తారు, ఒక్కొక్కరికీ మొత్తం ప్రశ్నల్లో కొన్నే వస్తాయి. అందుకని పిల్ల పేరున మార్కు ఉండదు, బడికి ర్యాంకు ఉండదు. దానికోసం తర్ఫీదు ఇస్తే ఎవరికీ ఒరిగేదేమీ లేదు కాబట్టి ఎవరూ ఇవ్వరు. అయినా పేద పిల్లల ఫలితం, ఫలానా వర్గం పిల్లల ఫలితం రాష్ట్రాలవారీగా విడివిడిగా తెలుస్తుంది. నిలువుగీత గారు కోరిన వెలుగులో చాలా భాగం ఇక్కడే దొరుకుతుంది. ఫిన్లండ్‌లో తొమ్మిదేళ్ల ప్రాథమిక విద్య అంతటికీ కలిపి ఇలాంటి నమూనా పరీక్షలే, అంటే ఎంపిక చేసిన కొంతమందే రాసేవి. అందరూ రాసే జాతీయ పరీక్ష 1852లో మొదలైన మెట్రిక్యులేషన్ ఒక్కటి, అదీ హైస్కూలు చివర.

ఇద్దరుపిల్లలతల్లి

అన్నీ చదివాను. గణాంకి గారూ, నమూనా పరీక్ష దేశానికి పనికొస్తుంది సరే, నా పిల్ల సంగతి నాకెవరు చెప్తారు?

మా పెద్దమ్మాయికి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమవుతుంది. లెక్కల పేపర్లో "ఒక బడిలో 6 గదులున్నాయి, ఒక్కో గదిలో 24 బల్లలు, వాటిలో 17 విరిగిపోయాయి, మిగిలినవి..." అంటూ నాలుగు వాక్యాల ప్రశ్నలే ఎక్కువ. రెండో వాక్యంలో ఉండగానే టైం అయిపోతుంది. అదే ప్రశ్న నేను చదివి వినిపిస్తే నోటితో చెప్పేస్తుంది, 144 లోంచి 17 పోతే 127 అని. రిపోర్టులో మాత్రం గణితంలో వెనకబడింది అని వచ్చింది. అది చదివి ఆ పిల్ల "నాకు లెక్కలు రావు కదమ్మా" అంది. అంతకుముందు ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఇంకా మనసులోంచి పోవడం లేదు.

గణాంకి

అమ్మా, మీరు చెప్పింది చాలామంది పిల్లల కథ. ఆ పేపరు కొలిచింది చదివే వేగాన్ని, పేరు పెట్టింది గణితమని. చదివి వినిపించడం, అదనపు సమయం, పెద్ద అక్షరాలు, రాసిపెట్టే సహాయకులు, ఇవన్నీ దయ చూపి ఇచ్చే మినహాయింపులు కావు. అవి లేకపోతే ఆ పిల్లల మార్కుకి అర్థమే లేదు. ఇంటిభాష వేరు, బడిభాష వేరు అయిన పిల్లలదీ ఇదే పరిస్థితి. ప్రశ్న తయారుచేసేటప్పుడే వాక్యాలు చిన్నవి చేయాలి. ముందుగా కొంతమంది పిల్లల చేత రాయించి, ఒకే స్థాయి ఉన్న రెండు వర్గాల పిల్లల్లో ఒక వర్గం మాత్రమే తప్పుతున్న ప్రశ్నల్ని తీసేయాలి. ఇది తెలిసిన పద్ధతే, కష్టమేమీ కాదు. డబ్బూ టైమూ మిగుల్చుకుందామని చాలాచోట్ల చెయ్యరు.

మీ మొదటి ప్రశ్నకి నాకంటే లెక్కలపంతులు గారి పోస్టే సరైన జవాబు.

పాతపరీక్షకుడు

పరీక్షల నిర్వహణలో పనిచేసి రిటైరయ్యాను. ఒక అంకెకి బహుమతులూ శిక్షలూ ముడిపెడితే ఆ అంకె చెడిపోతుంది, అది కొలిచే పనీ చెడిపోతుంది. ఈ సంగతి డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే రాశాడు, పరీక్ష మార్కుల్ని ఉదాహరణగా చూపించి మరీ.

అమెరికాలోని అట్లాంటా నగరంలో ఏం జరిగిందో ఈ చర్చలో ఉన్నవాళ్లందరికీ తెలియాలి. జవాబుపత్రాల్లో తప్పు జవాబు చెరిపి ఒప్పు జవాబు దిద్దిన గుర్తులు మామూలుకంటే విపరీతంగా ఉన్న బడుల్ని రాష్ట్ర ప్రభుత్వం దర్యాప్తు చేయించింది. 2011లో నివేదిక వచ్చింది: పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల మోసం జరిగింది, 178 మంది టీచర్లకూ ప్రిన్సిపాళ్లకూ అందులో చేయి ఉంది. 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది, ముఠా నేరాలకు పెట్టే చట్టం కింద. టీచర్లు కూర్చుని పిల్లల జవాబుపత్రాలు దిద్దారు. లక్ష్యం అందకపోతే ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క, అందితే బోనస్ ఇంకో పక్క. అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది పిల్లలు. చదవడం రాని పిల్లకి బాగా చదువుతోందని కాగితం వస్తే, ఆ పిల్లకి అందాల్సిన అదనపు సాయం ఆగిపోతుంది.

దొంగతనం చేసినవాణ్ణి వెనకేసుకు రావడం లేదు. కానీ అంత ఒత్తిడి పెట్టి, జవాబుపత్రాలు వాళ్ల చేతికే ఇచ్చి, ఆ తర్వాత ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు.

కొత్తపొద్దు

మరి మొత్తంగా ఎత్తేస్తే పోయె కదా. ఏడాది పొడవునా పిల్లలు చేసిన పని, రాసిన వ్యాసాలు, ప్రాజెక్టులు అన్నీ ఒక ఫైల్లో పెట్టి టీచరే స్థాయి చెప్పాలి. రోజూ ఆ పిల్లని చూసేది టీచరే. రెండు గంటల పేపరుకంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

గణాంకి

ఆలోచన మంచిదే. దాన్ని నిజంగా చేసి చూసినవాళ్లు ఉన్నారు. 1990ల మొదట్లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం పిల్లల పనిని ఫైళ్లలో పెట్టి మూల్యాంకనం చేసింది. తరగతిలో రాయించడం పెరిగింది, టీచర్లకి నచ్చింది. కానీ ర్యాండ్ అనే పరిశోధన సంస్థ పరిశీలిస్తే, ఒకే ఫైలుకి ఇద్దరు టీచర్లు ఇచ్చే స్థాయిలు సరిపోలడం లేదని తేలింది. పిల్లకి చదువు చెప్పడానికి అది పనికొచ్చింది, బడుల్ని పోల్చడానికి పనికిరాలేదు.

2020లో ఇంగ్లండ్ సంగతి చూడండి. కోవిడ్ వల్ల ఎ-లెవెల్ పరీక్షలు (బడి చదువు చివర రాసేవి) రద్దయితే టీచర్లు వేసిన అంచనాల్ని ఒక గణిత సూత్రంతో సరిదిద్దారు. దాదాపు 40 శాతం గ్రేడ్లు తగ్గిపోయాయి. బడి పాత ఫలితాల్ని బట్టి లెక్క కట్టారు కాబట్టి, ఎప్పుడూ ఫలితాలు సరిగ్గా రాని బడిలో బాగా చదివిన పిల్లకి అన్యాయం జరిగింది. పిల్లలు వీధుల్లోకి వచ్చారు, కొద్దిరోజుల్లోనే దాన్ని ఉపసంహరించుకున్నారు. బయటి కొలత ఏదీ లేకపోతే టీచరు మాట మీద నమ్మకం కలిగించడం ఎంత కష్టమో అక్కడ తెలిసింది.

లెక్కలపంతులు

భారతదేశంలో విద్యాహక్కు చట్టం, 2009 నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చింది, అంటే ఒక్క పరీక్షతో కాక ఏడాది పొడవునా పిల్లని చూసి స్థాయి చెప్పడం. ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ అదే తరగతిలో ఆపకూడదంది. ఉద్దేశం చూస్తే అంతకన్నా మంచి మాట లేదు. కానీ టీచర్లకు తగిన శిక్షణ అందలేదు, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గలేదు, రిజిస్టర్లు మాత్రం పెరిగాయి. మూల్యాంకనం అంటే పిల్లని చూడటం పోయి గళ్లు నింపడం అయింది. 2019లో చట్టం సవరించి 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వెసులుబాటు రాష్ట్రాలకి ఇచ్చారు. నాకు బాధేమిటంటే, పిల్లకి చదువు రాకపోతే ఏడాది మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టడం తప్ప ఇంకో మార్గం ఎవరికీ తోచలేదు. అదే టీచరు, అదే పుస్తకం, అదే పద్ధతి. రెండోసారి ఎందుకు వస్తుంది?

పలకాబలపం

కొత్తపొద్దు గారి మాటలో నాకు పనికొచ్చే ముక్క ఒకటి ఉంది, దాన్ని వదులుకోను. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు పిల్లల్ని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకి మార్కులే ఇచ్చారు, ఒక గుంపుకి రాతపూర్వకంగా సూచనలే ఇచ్చారు, మూడో గుంపుకి రెండూ ఇచ్చారు. సూచనలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవాళ్లు మెరుగుపడలేదు. మార్కు కనపడగానే పిల్ల సూచన చదవదు. ఇది నేను నా తరగతిలో రోజూ చూస్తున్నాను. పక్క పిల్లకి ఎన్ని వచ్చాయో చూసి పేపరు మడిచి సంచిలో పెట్టేస్తారు.

ఇంకొకటి. 2005 నుంచి 'అసర్' సర్వే వాళ్లు ఇంటికి వెళ్లి పిల్లని ఒక్కదాన్నీ కూర్చోబెట్టి చదివించి చూస్తారు: అక్షరం, పదం, చిన్న పేరా, తర్వాత రెండో తరగతి స్థాయి కథ. భారతదేశంలో గ్రామీణ ప్రాంతాల్లో ఆ కథ చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు 2018లో సగం మంది, 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. గళ్లు నింపే ఏ పేపరూ ఈ సంగతి ఇంత తేటగా చెప్పలేదు, ఎందుకంటే చదవడం రాని పిల్ల కూడా గళ్లు నింపగలదు. ఒక్క పిల్లకి కొద్ది నిమిషాలు పడుతుంది. మూడో తరగతి లోపు పిల్లలకి ఇలాంటి మౌఖిక పరీక్షే ఉండాలని నా అభిప్రాయం. సింగపూర్ అంతటి పరీక్షల దేశం కూడా 2019 నుంచి మొదటి రెండు తరగతుల్లో పరీక్షలు తీసేసింది.

మోడరేటర్

ఫలానా బడి, ఫలానా అధికారి అని పేర్లతో రాసిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. దయచేసి విషయం మీద మాట్లాడండి.

నిలువుగీత

నమూనా పరీక్షలు ఒప్పుకుంటాను, మౌఖిక పరీక్షలు ఒప్పుకుంటాను. కానీ నమూనాలో పడని బడి సంగతేమిటి? అక్కడ పిల్లలకి ఐదేళ్లుగా చదువు రావడం లేదనుకోండి, ఎవరికి తెలుస్తుంది? కలిగినవాళ్లు పిల్లల్ని వేరే బడికి మార్చుకుంటారు. మార్చుకోలేనివాళ్లకి ఉన్న ఆయుధం ఆ అంకె ఒక్కటే. ఏ పర్యవసానమూ లేకపోతే ఎవరూ కదలరు.

పాతపరీక్షకుడు

పర్యవసానం ఉండాలి, ఎలాంటిది అన్నదే ప్రశ్న. షికాగోలో డెరెక్ నీల్, డయాన్ షాంజెన్‌బాక్ అనే ఆర్థికవేత్తలు చూశారు. ఒక గీత గీసి, ఆ గీత దాటిన పిల్లల శాతంతో బడిని తూచినప్పుడు మధ్యలో ఉన్న పిల్లల మార్కులు పెరిగాయి. అందరికంటే అడుగున ఉన్న పిల్లలకి లాభం కనపడలేదు. గీతకి దగ్గరలో ఉన్న పిల్లని లాగితే బడి శాతం పెరుగుతుంది, అడుగున ఉన్న పిల్లకి ఎంత చెప్పినా ఈ ఏడాది శాతం పెరగదు. మీరు ఎవరి కోసం వాదిస్తున్నారో, ఆ గీత ముందుగా వాళ్లనే వదిలేసింది.

నిలువుగీత

అయితే గీత తీసేయండి. ప్రతి పిల్లా పోయినేడు ఎక్కడుంది, ఈ ఏడు ఎంత ముందుకొచ్చింది అన్నది చూపించండి. అప్పుడు అడుగున ఉన్న పిల్ల ఒక మెట్టు ఎక్కినా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' స్థానంలో వచ్చిన 2015 చట్టం ఏటా పరీక్ష ఉంచుతూనే, వెనకబడిన బడిని ఏం చెయ్యాలన్నది చాలావరకు రాష్ట్రాలకి వదిలేసింది. దారి అదే కావచ్చు. కానీ అందరు పిల్లలూ రాసే పరీక్ష, కనీసం రెండు మూడు తరగతుల్లోనైనా ఉండి తీరాలి. ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను.

గణాంకి

ఉండనివ్వండి. ఎదుగుదల చూపించడం మంచిదే. ఒక్క జాగ్రత్త: చిన్న బడుల సగటు ఏటా ఊగిపోతుంది. పదిహేను మంది ఉన్న తరగతిలో ఇద్దరు పిల్లలు మారితే బడి 'ఉత్తమం' నుంచి 'అధమం' అయిపోతుంది. మూడేళ్ల సగటు చూడాలి. అది కూడా తీర్పుగా కాదు. అంకె తక్కువున్న బడికి మొదట వెళ్లాల్సింది అనుభవమున్న టీచర్ల బృందం, నోటీసు కాదు. వాళ్లు తరగతుల్లో కూర్చుని చూసి, టీచర్ల ఖాళీలున్నాయా, పిల్లలు బడికి వస్తున్నారా, పుస్తకాలు అందాయా చెప్పాలి.

ఇద్దరుపిల్లలతల్లి

ఇవన్నీ జరిగేలోపు తల్లిదండ్రులుగా మేం ఏం అడగాలి? బడి మీటింగులో చెయ్యెత్తి ఒకటి అడగగలిగితే అదేమై ఉండాలి?

లెక్కలపంతులు

జవాబుపత్రం అడగండి. మార్కు కాదు, మీ పిల్ల రాసిన కాగితం, దానితోపాటు ప్రశ్నలు. 376 రాసిందా 234 రాసిందా మీరూ చూడాలి, టీచరూ చూడాలి. ప్రశ్నలు రహస్యం అంటారు. ప్రశ్నలు చూపించని పరీక్షతో పిల్ల ఏం నేర్చుకోవాలి?

గణాంకి

కారణం లేకపోలేదు. ఏటా ఫలితాల్ని పోల్చాలంటే కొన్ని పాత ప్రశ్నలు మళ్లీ వాడాలి. కానీ దానికి అన్నీ దాచనక్కర్లేదు. కొన్ని ఉంచుకుని మిగతావన్నీ, జవాబులతో సహా, ఏ తప్పు జవాబు దేనికి గుర్తో కూడా రాసి బయటపెట్టొచ్చు. కొత్త ప్రశ్నలు రాయించడానికి ఖర్చవుతుంది. టీచర్లకి డబ్బిచ్చి వాళ్ల చేతే రాయిస్తే ఆ ఖర్చు శిక్షణ కింద కూడా పనికొస్తుంది.

పలకాబలపం

నేను రాయడానికి సిద్ధం. ఇంకొక్కటి అడుగుతాను: ఆ పరీక్షని ఏడాది చివర్నుంచి మొదటి నెలకి తీసుకురండి. పోయినేడు ఏం నేర్చుకున్నారో అప్పుడూ తెలుస్తుంది. కాగితం మాత్రం ఆ పిల్లలకి ఇంకా పది నెలలు చెప్పబోయే టీచరు చేతికి వస్తుంది.

నిలువుగీత

సెలవుల్లో మర్చిపోయింది కూడా పాత టీచరు ఖాతాలో పడుతుంది కదా?

పలకాబలపం

పడుతుంది. అందుకే ఆ కాగితం మీద టీచరు పేరు ఉండకూడదు, పిల్ల పేరే ఉండాలి. మొదటి నెలలో పెట్టి, రెండో నెలలో నా బల్ల మీద పెట్టండి. ఇద్దరుపిల్లలతల్లి గారి అమ్మాయి లాంటి పిల్ల నా తరగతిలో ఉంటే ప్రశ్నలు నేనే చదివి వినిపిస్తాను, దానికి అనుమతి ఇస్తూ ఒక్క ఉత్తర్వు ఇప్పించండి.

ఇద్దరుపిల్లలతల్లి

ఆ ఉత్తర్వు కోసం అర్జీ నేను రాస్తాను టీచర్. ముసాయిదా ఇక్కడే పెడతాను, గణాంకి గారు అదనపు సమయం గురించిన పేరా చూసిపెట్టాలి.

గణాంకి

పెట్టండమ్మా, చూస్తాను. ఎంత అదనపు సమయం అన్నది రాయండి, 'తగినంత' అని మాత్రం రాయకండి. ఆ మాట ఉంటే ఎవరూ ఇవ్వరు.